ముందు తాగుడు మానాలా, ముందు ఇల్లు ఇవ్వాలా?

చీకటి పడే వేళకి ఒక మనిషి నైట్ షెల్టర్ గుమ్మం దగ్గరికి వస్తాడు. తాగిన వాసన వస్తోందని లోపలికి రానివ్వరు. మర్నాడు డీఅడిక్షన్ సెంటర్‌కి వెళ్తాడు. ఎవరో తనను తిడుతున్నట్టు గొంతులు వినిపిస్తున్నాయని చెప్పేసరికి, ముందు సైకియాట్రిస్టుకి చూపించుకుని రమ్మంటారు. అక్కడికి వెళ్తే, తాగుడు ఆపి కొన్ని వారాలు గడిస్తే తప్ప ఇది తాగుడు వల్ల వచ్చిందో, విడిగా ఉన్న జబ్బో తేల్చలేమంటారు. నాలుగు వారాలు ఆగి రమ్మని చీటీ రాసిస్తారు. ఆ నాలుగు వారాలూ ఎక్కడ పడుకోవాలి, ఆ చీటీ ఎక్కడ దాచుకోవాలి అనే ప్రశ్న ఎవరి ఫారంలోనూ ఉండదు.

ఈ మూడు చోట్లా చెడ్డవాళ్లెవరూ లేరు. షెల్టర్ మేనేజర్‌కి లోపల పడుకున్న మిగతా యాభై మంది గురించి భయం. డీఅడిక్షన్ కౌన్సెలర్‌కి సైకోసిస్‌ను, అంటే లేని గొంతులు వినిపించి, లేనివి నిజమనిపించే స్థితిని, చూసుకునే శిక్షణ లేదు. డాక్టర్ చెప్పిందీ వైద్యపరంగా తప్పు కాదు. ఎవరి రూల్ వాళ్లకి సబబే. కానీ మూడు సబబైన రూళ్లు కలిసి ఒక మనిషిని రోడ్డు మీదే ఉంచేశాయి.

మనిషి ఒక్కరే. సమస్యకి మూడు పేర్లున్నాయి కాబట్టి సేవలు మూడు శాఖలుగా పుట్టాయి, ప్రతి శాఖా పక్క శాఖ పని ముగించుకుని రమ్మంటుంది. గత యాభై ఏళ్లలో వేర్వేరు దేశాల్లో నిజంగా ఫలితం ఇచ్చిన ప్రయత్నాలను పక్కపక్కన పెట్టి చూస్తే, వాటన్నిటిలో ఒక పోలిక కనిపిస్తుంది. ‘ముందు అది చేసుకుని రా’ అనే షరతును అవి ఎత్తేశాయి.

ముడి ఎలా పడుతుంది

తాగుడు వల్లే ఇల్లు పోయిందని చాలామంది అనుకుంటారు. కొందరి విషయంలో అది నిజమే. అయితే వరస తిరగబడి ఉండే సందర్భాలూ చాలా ఉన్నాయి. ఉద్యోగం పోయి, అద్దె బాకీ పడి, కొన్నాళ్లు తెలిసినవాళ్ల ఇళ్లలో సర్దుకుని, ఇక అక్కడా మొహం చెల్లక రోడ్డు మీదికి వచ్చిన తర్వాతే మత్తు అలవాటైనవాళ్లు తక్కువేమీ కాదు. ఎందుకంటే రోడ్డు మీద మత్తు ఒక పనికొస్తుంది. చలిలో, చప్పుళ్లలో, దీపాల వెలుగులో కాస్త కన్ను మూతపడాలంటే మద్యం. రాత్రంతా మేలుకుని సంచినీ, ఒంటినీ కాపాడుకోవాలంటే మెథాంఫెటమిన్ లాంటి నిద్ర పట్టనివ్వని డ్రగ్స్. ఒంటరిగా ఉండే ఆడవాళ్లలో కొందరు వీటికి అలవాటు పడేది సరదా కోసం కాదు, చీకట్లో నిద్రపోతే ఏం జరుగుతుందోనన్న భయంతో.

మద్యం ఒంటిని వెచ్చబరుస్తుందన్నది భ్రమ. తాగినప్పుడు చర్మం కింది రక్తనాళాలు వెడల్పై, వెచ్చగా ఉన్నట్టు అనిపిస్తుంది గానీ లోపలి వేడి త్వరగా బయటికి పోతుంది. చలి రాత్రుల్లో తాగి బయట పడుకున్నవాళ్లు చనిపోవడానికి ఇదొక కారణం.

నిద్ర సంగతి విడిగా చెప్పాలి. ఏ మానసిక జబ్బూ లేని మనిషిని కూడా వరసగా కొన్ని రాత్రులు నిద్ర లేకుండా ఉంచితే అనుమానాలు మొదలవుతాయి, లేనివి కనిపిస్తాయి, వినిపిస్తాయి. అప్పటికే స్కిజోఫ్రీనియా, బైపోలార్ లాంటి జబ్బు ఉంటే అది తిరగబెడుతుంది. దాన్ని తట్టుకోవడానికి ఇంకాస్త మత్తు. ఇంకాస్త మత్తుతో ఇంకాస్త నిద్రలేమి. ఇందులో ఏది ముందు వచ్చింది అన్నది ఏడాది గడిచాక ఆ మనిషికే గుర్తుండదు.

ఇక మందులు. రోజూ ఒక మాత్ర వేసుకోవాలంటే ఏమేం కావాలో లెక్కపెట్టి చూస్తే తెలుస్తుంది. మాత్రలు తడవని, దొంగలు పడని చోటు కావాలి. తాగే నీళ్లు కావాలి. టైం తెలియాలి. మాత్ర వల్ల కడుపులో తిప్పితే వెళ్లడానికి టాయిలెట్ కావాలి. సైకోసిస్‌కి ఇచ్చే మందుల్లో చాలావాటికి మగతగా ఉంటుంది. ఇంట్లో మంచం మీద అది మామూలు సైడ్ ఎఫెక్ట్. ఫుట్‌పాత్ మీద మాత్రం ప్రాణం మీదికి వచ్చే సంగతి, ఎందుకంటే ఎవరైనా దగ్గరికి వచ్చినా మెలకువ రాదు. బైపోలార్‌కి ఇచ్చే లిథియం ఇంకా జాగ్రత్తగా వాడాలి. ఎండలో ఒంట్లో నీరు తగ్గితే రక్తంలో దాని మోతాదు పెరిగి విషంగా మారుతుంది, అందుకే ఎప్పటికప్పుడు రక్తపరీక్ష చేయాలి. ఇవేవీ లేనిచోట, ఒకరోజు మున్సిపల్ సిబ్బంది వచ్చి ఫుట్‌పాత్ మీది సామానంతా లారీలో వేసుకుపోతే, మాత్రలతో పాటు గుర్తింపు కార్డూ పోతుంది. కార్డు లేకపోతే కొత్త మాత్రలకి చీటీ దొరకడం కష్టం. ఆ తర్వాత ఫైల్‌లో మాత్రం ‘మందులు సరిగా వాడటం లేదు’ అని ఒక్క వాక్యం మిగులుతుంది.

నెలకోసారి ఇచ్చే ఇంజెక్షన్లు ఈ కష్టాన్ని కొంత తీరుస్తాయి. కానీ సరిగ్గా ఆ రోజున ఆ మనిషి ఎక్కడున్నాడో వెతికి పట్టుకునే వాళ్లుండాలి.

ఆసుపత్రులు మూతపడ్డాక

ఇదంతా ఎక్కడ మొదలైందో చూడాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి. 1955లో అమెరికా ప్రభుత్వ మానసిక ఆసుపత్రుల్లో 5.5 లక్షలకు పైగా మనుషులు ఉండేవారు. వాటిలో చాలావరకు గోడల మధ్య జీవితాంతం మగ్గిపోయే చోట్లు. 1950లలో సైకోసిస్‌కి క్లోర్‌ప్రోమజైన్ అనే మందు వచ్చాక, జబ్బు అదుపులో ఉంటే ఇంటికి పంపొచ్చన్న ఆశ కలిగింది. 1963 అక్టోబర్‌లో అధ్యక్షుడు కెనెడీ కమ్యూనిటీ మెంటల్ హెల్త్ చట్టం మీద సంతకం పెట్టాడు. పెద్ద ఆసుపత్రుల బదులు జనం మధ్యే కేంద్రాలు పెట్టి అక్కడే వైద్యం ఇవ్వాలన్నది ఆలోచన. ఆలోచన మంచిదే. ఆసుపత్రులైతే ఖాళీ అయ్యాయి గానీ, అనుకున్న 1,500 కేంద్రాల్లో సగం దాకానే వచ్చాయి. వచ్చినవి కూడా తీవ్రమైన జబ్బు ఉన్నవాళ్లకంటే తేలికపాటి సమస్యలున్నవాళ్లనే ఎక్కువగా చూశాయి. ఆ తర్వాతి దశాబ్దాల్లో నగరాల్లో చౌక గదుల లాడ్జీలు కూడా కూల్చేయడంతో, బయటికి వచ్చినవాళ్లకి తల దాచుకునే చోటు లేకుండా పోయింది. చాలామంది ఆసుపత్రి నుంచి రోడ్డుకీ, రోడ్డు నుంచి జైలుకీ చేరారు.

ఇటలీలో కథ వేరుగా నడిచింది. త్రియెస్తె నగరంలో ఫ్రాంకో బసాలియా అనే సైకియాట్రిస్టు ఆసుపత్రిని మూసే ముందే బయట కేంద్రాలు తెరిచాడు. రోజంతా, రాత్రంతా తలుపు తీసి ఉండే కేంద్రాలు, ఒక్కోదానిలో కొద్ది పడకలు. రోగులుగా ఉన్నవాళ్లు సహకార సంఘాలుగా ఏర్పడి జీతానికి పని చేశారు. 1978 మేలో ఇటలీ 180వ నంబరు చట్టంతో దేశమంతా మానసిక ఆసుపత్రులను మూసే పని మొదలుపెట్టింది. అన్ని ప్రాంతాల్లోనూ త్రియెస్తె అంత బాగా జరగలేదు. జరిగిన చోట తేడా ఎక్కడుందో స్పష్టంగానే కనిపిస్తుంది: పాత తలుపు మూసేలోగా కొత్త తలుపు తెరిచి ఉంది.

మెట్లు ఎక్కి రమ్మనడం

ఇల్లు లేనివాళ్లకి సాయం చేసే సంస్థలు చాలాకాలం ఒక మెట్ల పద్ధతి పాటించాయి, చాలాచోట్ల ఇప్పటికీ పాటిస్తున్నాయి. మొదట షెల్టర్. అక్కడ తాగకుండా ఉంటే ట్రాన్సిట్ హాస్టల్. అక్కడ మందులు వేసుకుంటూ రూల్స్ పాటిస్తే కొన్నాళ్లకి గ్రూప్ హోమ్. చివరి మెట్టు మీద సొంత గది. ‘ఇంటికి సిద్ధంగా ఉన్నాడు’ అని సిబ్బంది ఒప్పుకోవాలి. ఒక మెట్టు మీద కాలు జారితే మళ్లీ కిందికే. చెప్పడానికి ఇది సహజంగానే అనిపిస్తుంది. చిక్కేమిటంటే, తాగుడు, సైకోసిస్ లాంటి జబ్బులు తిరగబెట్టడమే వాటి లక్షణం. జబ్బు లక్షణం బయటపడినందుకు ఇల్లు తీసేసుకునే పద్ధతి అది. అందుకే ఎక్కువ సాయం అవసరమైనవాళ్లే కింది మెట్టు దాటలేకపోయారు.

1992లో న్యూయార్క్‌లో శామ్ సెంబెరిస్ అనే సైకాలజిస్టు ‘పాత్‌వేస్ టు హౌసింగ్’ సంస్థతో ఈ వరసను తలకిందులు చేశాడు. ముందు ఇల్లు. తాగుడు మానాలన్న షరతు లేదు, మందులు వేసుకోవాలన్న షరతు లేదు. మామూలు అపార్ట్‌మెంట్లలో అక్కడొకటి అక్కడొకటి ఫ్లాట్లు అద్దెకి తీసుకుని ఇచ్చారు. వాళ్ల ఆదాయంలో సుమారు మూడో వంతు అద్దెగా కట్టాలి, సంస్థ టీం వాళ్లు వచ్చి చూసిపోతే కాదనకూడదు. అంతే. దీన్నే హౌసింగ్ ఫస్ట్ అంటున్నారు. ఐదేళ్ల తర్వాత చూస్తే ఇలా ఇల్లు పొందినవాళ్లలో 88 శాతం మంది ఇళ్లలోనే ఉన్నారు. మెట్ల పద్ధతిలో వచ్చినవాళ్లలో అది 47 శాతం.

ఒక్క సంస్థ తన పని గురించి చెప్పుకున్న లెక్క కాబట్టి దాన్ని అనుమానించడం న్యాయమే. 2009లో కెనడా పెద్ద పరీక్ష పెట్టింది. వాంకోవర్, విన్నిపెగ్, టొరంటో, మాంట్రియల్, మాంక్టన్ నగరాల్లో మానసిక జబ్బు ఉండి ఇల్లు లేని 2,000 మందికి పైగా మనుషులను లాటరీ పద్ధతిలో రెండు వర్గాలుగా విడదీశారు. ఒక వర్గానికి హౌసింగ్ ఫస్ట్, రెండో వర్గానికి అప్పటికే ఊళ్లో ఉన్న సేవలు. చివరి ఆరు నెలల్లో పూర్తికాలం ఇంట్లోనే ఉన్నవాళ్లు మొదటి వర్గంలో 62 శాతం, రెండో వర్గంలో 31 శాతం. సరిగ్గా రెట్టింపు.

ఇక్కడే నిజాయితీగా ఒక మాట చెప్పుకోవాలి. అదే పరీక్షలో మత్తు అలవాటూ, మానసిక జబ్బు లక్షణాలూ రెండు వర్గాల్లోనూ దాదాపు ఒకే తీరుగా తగ్గాయి. ఇల్లు ఇచ్చినంత మాత్రాన తాగుడు మాయమవలేదు. అమెరికాలో శాస్త్ర విషయాల మీద సలహాలిచ్చే నేషనల్ అకాడెమీస్ 2018లో ఇచ్చిన నివేదిక కూడా ఇల్లు నిలబడుతోందని ఒప్పుకుంటూనే, ఆరోగ్యం బాగుపడుతుందనడానికి గట్టి ఆధారాలు తక్కువని తేల్చింది. దీన్ని చూపించి ‘అయితే ఎందుకు ఇవ్వడం’ అని వాదించేవాళ్లున్నారు. ఆ వాదన సరికాదు. గుండె ఆపరేషన్ అయిన మనిషికి ఇల్లు ఎందుకివ్వాలని ఎవరూ అడగరు, ఇంట్లో ఉంటే గుండె బాగుపడుతుందా అని పరీక్ష పెట్టరు. ఇల్లు వైద్యం చేయదు. వైద్యం అందడానికి చోటు ఇస్తుంది. ఆ చోటుకి వైద్యం రాకపోతే తప్పు ఇంటిది కాదు.

తాళంచెవి చేతికి ఇచ్చిన మొదటి వారాలు ఎలా ఉంటాయో ఈ పనిలో ఉన్న టీంలకి బాగా తెలుసు. మంచం ఉన్నా కొందరు తలుపు దగ్గర నేల మీద, బూట్లు విప్పకుండానే పడుకుంటారు. చప్పుడే లేని గది భయపెడుతుంది. రోడ్డు మీద పక్కన పడుకున్న స్నేహితుణ్ని వదిలి వచ్చామన్న బాధతో అతన్నీ, అతని వెనక ఇంకో నలుగురినీ లోపలికి పిలుస్తారు. పక్క ఫ్లాట్లవాళ్లు గొడవ చేస్తారు. ఓనర్ ఖాళీ చేయమంటాడు. అలాంటప్పుడు టీం చేసే పని ఓనర్‌తో మాట్లాడటం, తప్పకపోతే ఇంకో ఇల్లు చూడటం. మొదటి ఇల్లు నిలబడకపోవడం ఈ పద్ధతిలో వైఫల్యం కిందికి రాదు. ఒంటరితనం మాత్రం నిజమైన సమస్య. ఇళ్లు ఇచ్చి, రోజు ఎలా గడుస్తుందో పట్టించుకోని చోట మనుషులు నాలుగు గోడల మధ్య కుంగిపోయారు.

మాన్పించడం వేరు, చికిత్స వేరు

డీఅడిక్షన్ అనగానే పది రోజులు లోపల ఉంచి మత్తు వదిలించి పంపడం అని అర్థం స్థిరపడిపోయింది. దాన్ని డీటాక్స్ అంటారు, అది చికిత్సకి గుమ్మం మాత్రమే. గుమ్మం దగ్గరే ఆపి వెనక్కి పంపితే జరిగే హాని చిన్నది కాదు.

ఏళ్ల తరబడి రోజూ ఎక్కువగా తాగిన మనిషి ఒక్కసారిగా ఆపేస్తే మొదటి రెండు మూడు రోజుల్లో చేతులు వణకడం, చెమటలు, ఫిట్స్, ఆపైన డెలీరియం ట్రెమెన్స్ అనే మతి తప్పిన స్థితి రావచ్చు. వైద్యం అందకపోతే ప్రాణం పోవచ్చు. ‘తాగకుండా వస్తేనే పడక’ అనే షెల్టర్ రూల్, ఆ మనిషిని తెలియకుండానే ఈ ప్రమాదంలోకి నెడుతుంది.

హెరాయిన్, ఫెంటనిల్ లాంటి ఓపియాయిడ్లది, అంటే నల్లమందు తరహా మత్తులది, ఇంకో రకం ప్రమాదం. వాడినకొద్దీ ఒళ్లు అలవాటు పడి ఎక్కువ డోసు తట్టుకుంటుంది. కొన్ని వారాలు ఆపితే ఆ తట్టుకునే శక్తి పోతుంది. కోరిక మాత్రం పోదు. బయటికి వచ్చి పాత డోసే తీసుకుంటే ఊపిరి ఆగిపోతుంది. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో జైలు నుంచి విడుదలైనవాళ్ల మీద 2007లో వచ్చిన అధ్యయనం ప్రకారం, మొదటి రెండు వారాల్లో ఓవర్‌డోస్‌తో చనిపోయే ప్రమాదం అక్కడి మామూలు జనంతో పోలిస్తే 129 రెట్లు. డీటాక్స్ సెంటర్ నుంచి ఏ ఏర్పాటూ లేకుండా పంపేసిన మనిషి ఒంటి పరిస్థితి కూడా దాదాపు అదే. అందుకే విడుదల చేసే రోజునే నాలోక్సోన్ చేతిలో పెట్టి, వాడే పద్ధతి చూపించి పంపడం ప్రాణాలు నిలిపే పని. ఓవర్‌డోస్‌లో ఆగిపోతున్న ఊపిరిని నిమిషాల్లో తిరిగి తెచ్చే మందు అది. దాన్ని వాడటానికి డాక్టరే అవ్వక్కర్లేదు. పక్కనున్న స్నేహితుడు చాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లోనే దీన్ని జనం చేతికి అందేలా చేయమని చెప్పింది.

ఓపియాయిడ్ వ్యసనానికి మందులతో చికిత్స కూడా కొత్తదేమీ కాదు. 1960లలో న్యూయార్క్‌లో విన్సెంట్ డోల్, మేరీ నైస్వాండర్ అనే డాక్టర్లు మెథడోన్‌తో మొదలుపెట్టారు. తర్వాత బ్యూప్రెనార్ఫిన్ వచ్చింది. 2005లో రెండూ ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలో చేరాయి. ఇవి కోరికనూ, ఒళ్లు పీక్కుపోయే బాధనూ ఆపుతాయి. మనిషి పనిచేసుకోగలుగుతాడు, పిల్లల్ని చూసుకోగలుగుతాడు. పలు దేశాల అధ్యయనాలను కలిపి చూస్తే, మెథడోన్ చికిత్సలో ఉన్నప్పటికంటే మానేసి బయటికి వచ్చినప్పుడు మరణాలు మూడు రెట్లు ఎక్కువ. ‘ఒక మత్తు బదులు ఇంకో మత్తు’ అనే మాట ఇప్పటికీ వినిపిస్తూనే ఉంది. రోజూ ఒకే మోతాదులో, డాక్టర్ పర్యవేక్షణలో తీసుకునే మందునీ, గోడ చాటున వణికే చేతులతో ఎక్కించుకునే దాన్నీ ఒకే గాటన కట్టడం అన్యాయం. ఆ మాట విని మధ్యలో మందు ఆపేసి ప్రాణం పోగొట్టుకునేవాళ్లున్నారు.

మద్యం విషయంలో సియాటిల్ చేసిన ప్రయోగం చాలామందికి మింగుడుపడలేదు. 2005లో అక్కడ 75 గదులతో ఒక భవనం తెరిచారు. ఏళ్లుగా రోడ్డు మీద ఉంటూ, తీవ్రంగా తాగుతూ, ఆసుపత్రులకీ పోలీసులకీ తిరుగుతున్నవాళ్లకి అందులో గదులిచ్చారు. గదిలో తాగినా పంపేయరు. జనం డబ్బుతో తాగుబోతులని పోషిస్తున్నారని గొడవైంది. 2009లో ఫలితాలు వచ్చాయి. రోజుకు సుమారు 15 డ్రింకులకు పైగా తాగేవాళ్లు ఏడాది గడిచేసరికి పది, పదకొండుకి దిగారు. వాళ్ల మీద జైలు, ఆసుపత్రి, డీటాక్స్ ఖర్చులు బాగా పడిపోయాయి. పది డ్రింకులు కూడా చాలా ఎక్కువే. కానీ ఎవరూ మానమని బలవంతపెట్టకుండానే అంత తగ్గింది.

వెతుక్కుంటూ వెళ్లే టీం

ఇల్లుంది, మందుంది. ఈ రెంటినీ మనిషికి కలిపేది ఎవరు? 1970ల మొదట్లో అమెరికాలోని మాడిసన్‌లో ఆసుపత్రి సిబ్బంది ఒక సంగతి గమనించారు. వార్డులో బాగుపడిన పేషెంట్లు ఇంటికెళ్లిన కొన్నాళ్లకే తిరిగొస్తున్నారు. లెనర్డ్ స్టెయిన్, మేరీ ఆన్ టెస్ట్, ఆర్నాల్డ్ మార్క్స్ వార్డు సిబ్బందినే బయటికి పంపారు. సైకియాట్రిస్టు, నర్సు, సోషల్ వర్కర్, వ్యసన చికిత్స తెలిసినవాళ్లు, ఉద్యోగం చూసిపెట్టేవాళ్లు అందరూ ఒకే టీం. పది మందికి ఒక వర్కర్ చొప్పున, ఇరవై నాలుగ్గంటలూ. ఆఫీసులో కూర్చుని అపాయింట్‌మెంట్లు ఇవ్వడం లేదు. మనిషి ఉన్నచోటికే వెళ్తారు. గొంతులకీ, తాగుడుకీ ఒకే టీం వైద్యం చేస్తుంది కాబట్టి ‘అది వాళ్లని అడుగు’ అనే మాటకి తావే లేదు.

ఈ పనిలో మొదట సంపాదించాల్సింది నమ్మకం. 1985లో బోస్టన్‌లో ఇల్లు లేనివాళ్ల వైద్య కార్యక్రమం మొదలుపెట్టిన డాక్టర్ జిమ్ ఓకానెల్, పెద్ద ఆసుపత్రిలో శిక్షణ ముగించుకుని షెల్టర్‌లోని క్లినిక్‌కి వెళ్లాడు. అక్కడి నర్సులు అతన్ని వెంటనే వైద్యం చేయనివ్వలేదు. మొదట్లో కొన్నాళ్లు అతని పని వచ్చినవాళ్ల కాళ్లు కడగడం. రోజంతా నడిచి, తడి మేజోళ్లలో పుండ్లు పడిన కాళ్లు. టబ్బులో వేడినీళ్లు పోసి, కింద కూర్చుని కడుగుతుంటే డాక్టర్ తల పేషెంట్ మోకాళ్ల దగ్గర ఉంటుంది. మాట్లాడాలా వద్దా అన్నది పేషెంట్ ఇష్టం. ఏ ప్రశ్నలూ అడగని ఆ పావుగంటల్లోనే, ఏళ్లుగా డాక్టర్ల మొహం చూడనివాళ్లు మెల్లగా నోరు విప్పేవారు.

సేవలు తెగిపోయేది ఎక్కువగా మలుపుల దగ్గర: ఆసుపత్రి నుంచి డిశ్చార్జ్ అయిన వారం, జైలు గేటు దాటిన రోజు, షెల్టర్ నుంచి గదికి మారిన నెల. న్యూయార్క్‌లో ఎజ్రా సస్సర్ బృందం ఈ మలుపు కోసమే ఒక పద్ధతి తయారుచేసింది. షెల్టర్‌లో పరిచయమైన వర్కరే తొమ్మిది నెలల పాటు కొత్త ఇంటికి వస్తాడు. మొదటి మూడు నెలలు దగ్గరుండి, తర్వాత కొంచెం దూరం జరుగుతూ, చివర్లో కుటుంబానికో, స్థానిక క్లినిక్‌కో అప్పగించి తప్పుకుంటాడు. 1997లో వచ్చిన లెక్క ప్రకారం పద్దెనిమిది నెలల్లో ఇలా సాయం అందినవాళ్లు సగటున 30 రాత్రులు ఇల్లు లేకుండా గడిపారు. అందనివాళ్లు 91 రాత్రులు. ఖరీదైన మందేమీ లేదు, తెలిసిన ఒక మొహం కొన్నాళ్లు వెంట ఉంది.

చాలాచోట్ల ఇందుకు సరిగ్గా విరుద్ధంగా జరుగుతుంది. ఈ రంగంలో కింది స్థాయి జీతాలు తక్కువ, కాంట్రాక్టు ఉద్యోగాలు ఎక్కువ. వర్కర్లు ఆరు నెలలకోసారి మారిపోతుంటారు. మారిన ప్రతిసారీ ఆ మనిషి తన జీవితంలోని అతి చెడ్డ రోజుల్ని కొత్తవాళ్లకి మొదటినుంచీ చెప్పాలి. ఐదోసారి అడిగినప్పుడు లేచి వెళ్లిపోతే ‘సహకరించడం లేదు’ అని రాస్తారు.

డాక్టర్లు చాలనప్పుడు

ఇన్ని టీంలకి సైకియాట్రిస్టులు ఎక్కడినుంచి వస్తారన్నది న్యాయమైన ప్రశ్నే. జింబాబ్వేలో ఆ ప్రశ్నకి ఒక జవాబు దొరికింది. దేశం మొత్తానికి పదిమంది చిల్లర సైకియాట్రిస్టులున్న రోజుల్లో, 2006లో డిక్సన్ చిబాండా అనే డాక్టర్ పేటలోని ముసలమ్మలకి శిక్షణ ఇచ్చాడు. క్లినిక్ బయట చెట్టు కింద ఒక చెక్క బెంచీ, దాని మీద ఒక అవ్వ. వచ్చినవాళ్ల బాధని డిప్రెషన్ అని పిలవరు. అక్కడి షోనా భాషలో ‘కుఫుంగిసిస’ అంటారు, అతిగా ఆలోచించడం అని అర్థం. ఉన్న సమస్యల్లోంచి ఒకదాన్ని ఎంచుకుని, దానికి తమ చేతుల్లో ఉన్న ఒక చిన్న పని ఏమిటో అవ్వతో కలిసి తేల్చుకుంటారు. 2016లో వచ్చిన పరీక్ష ఫలితాల్లో, మామూలు వైద్యం అందినవాళ్లకంటే ఈ బెంచీ మీద కూర్చున్నవాళ్లలో లక్షణాలు స్పష్టంగా తగ్గాయి. తీవ్రమైన సైకోసిస్‌కి ఇది సరిపోదు. అంత అవసరం లేని ఎందరినో మాత్రం డాక్టర్ల క్యూలోంచి బయటికి తీసుకొస్తుంది.

చెన్నైలో 1993 నుంచి పనిచేస్తున్న ‘ద బ్యానియన్’ సంస్థ రోడ్డు మీద తిరుగుతున్న మానసిక రోగులైన ఆడవాళ్లకి ఆసరా ఇవ్వడంతో మొదలైంది. చాలామంది కోలుకుని ఇళ్లకి వెళ్లారు. వెళ్లడానికి ఇల్లు లేనివాళ్లు, ఇంటివాళ్లు వద్దన్నవాళ్లు ఏళ్ల తరబడి సంస్థలోనే ఉండిపోయారు. వాళ్లకోసం 2015లో ‘హోమ్ అగైన్’ మొదలుపెట్టారు. నలుగురైదుగురు కలిసి ఊళ్లో ఒక మామూలు అద్దె ఇంట్లో ఉంటారు, తోడుగా ఒక సహాయకురాలు. ఏం వండాలో, ఎప్పుడు పడుకోవాలో వాళ్లే తేల్చుకుంటారు. ఇంట్లో తోడు ఉండటం వల్ల, ఒక్కో మనిషికి ఒక్కో ఫ్లాట్ ఇచ్చే పద్ధతిలో కనిపించే ఒంటరితనానికి ఇదొక సమాధానం.

ఆడవాళ్ల గురించి అసలు లెక్కలే సరిగా లేవు. హింస భయంతో వాళ్లు కనబడకుండా ఉంటారు. బంధువుల వరండాల్లో, ఆసుపత్రి వెయిటింగ్ హాళ్లలో, ఉండనిచ్చినందుకు ఏం చేయమంటే అది చేయించుకునే మగవాళ్ల ఇళ్లలో. ఫుట్‌పాత్‌ల మీద తలలు లెక్కపెడితే వాళ్లు లెక్కలోకి రారు. పిల్లలున్న తల్లి తన మత్తు అలవాటు గురించి నోరు విప్పితే పిల్లల్ని తీసుకుపోతారని భయపడి చికిత్సకే రాదు. ఆ భయం అర్థంలేనిది కాదు, చాలాచోట్ల జరుగుతున్నదే. తల్లీపిల్లలు కలిసి ఉండే చికిత్సా కేంద్రాలు ఎక్కడున్నా పడకలు నిండిపోయే ఉంటాయి.

ఖర్చు ఒకరిది, మిగులు ఇంకొకరిది

ఇంత తెలిసీ ఎందుకు జరగడం లేదంటే, ఎక్కువగా అడ్డుపడేది డబ్బు తక్కువై కాదు, డబ్బు వేర్వేరు జేబుల్లో ఉండటం వల్ల. కెనడా పరీక్షలో అత్యంత ఎక్కువ సేవలు వాడుతున్న పది శాతం మందిని తీసుకుంటే, ఖర్చుపెట్టిన ప్రతి 10 డాలర్లకీ ఆసుపత్రి, జైలు, షెల్టర్ ఖర్చుల్లో 21 డాలర్లకు పైగా మిగిలింది. అవసరాలు తక్కువ ఉన్నవాళ్ల విషయంలో పెట్టినదాంట్లో కొంతే తిరిగొచ్చింది, అదీ దాచకూడని సంగతే. కానీ డబ్బు మిగిలిన చోట కూడా ఆ మిగులు సాధారణంగా ఇల్లు ఇచ్చిన శాఖకి రాదు. ఇంటికి డబ్బిచ్చేది గృహ శాఖ అయితే, ఎమర్జెన్సీ వార్డులో పడక ఖాళీ అయ్యేది ఆరోగ్య శాఖకి, లాకప్ ఖాళీ అయ్యేది పోలీసులకి. తన బడ్జెట్‌లోంచి తీసి పక్క శాఖ లెక్క బాగుచేయడానికి ఏ అధికారికీ తొందర ఉండదు.

ఫిన్లాండ్ ఈ అడ్డంకి దగ్గరే పని మొదలుపెట్టింది. 2008లో ప్రభుత్వం, పెద్ద నగరాలు కూర్చుని ఎవరు ఎన్ని ఇళ్లు ఇవ్వాలి, సిబ్బంది జీతాలు ఎవరెంత భరించాలి అన్నది రాతపూర్వకంగా ఒప్పందం చేసుకున్నాయి. 1985లో పుట్టిన వై-ఫౌండేషన్ అనే లాభాపేక్ష లేని సంస్థ మామూలు అపార్ట్‌మెంట్లలో ఫ్లాట్లు కొని అద్దెకిస్తూ వచ్చింది, ఇప్పుడు దాని చేతిలో వేలాది ఇళ్లున్నాయి. పాత షెల్టర్లని పగలగొట్టి, హాళ్లలోని పడకల వరసలు తీసేసి, ఎవరి గది వాళ్లకి, ఎవరి వంటిల్లు వాళ్లకి ఉండేలా కట్టారు. అద్దె ఒప్పందం వాళ్ల పేరు మీదే ఉంటుంది, సిబ్బంది కింది అంతస్తులో ఉంటారు. హెల్సింకిలో 1985లో 2,100కు పైగా షెల్టర్ పడకలుండేవి. 2016 నాటికి అవి 52. దేశం మొత్తం మీద ఇల్లు లేనివాళ్లు 1980ల చివర్లో సుమారు 18 వేలు, 2023లో 3,429.

2024లో ఆ అంకె మళ్లీ 3,800 దాటింది. చాలా ఏళ్ల తర్వాత పెరగడం అదే మొదటిసారి. అదే ఏడాది వసంతంలో ఫిన్లాండ్ ప్రభుత్వం ఇంటి అద్దె సాయంలో కోత పెట్టి ఉంది.